పాత గోవాలో శౌరివారి గుడికి అమ్మను తీసుకెళ్తున్నారా? ఒక పూట మొత్తం దానికే ఇవ్వండి

గోపాలపూర్ నుంచి ఒక తమ్ముడు అడిగారు. వాళ్ల అమ్మగారికి అరవై ఎనిమిదేళ్లు, మోకాళ్ల నొప్పులు. మనవడు పుడితే పాత గోవాలోని పునీత ఫ్రాన్సిస్ శౌరివారి (ఇంగ్లిషులో ఫ్రాన్సిస్ జేవియర్) దగ్గరికి తీసుకొస్తానని మొక్కుకున్నారు. ఇప్పుడు మనవడికి నాలుగేళ్లు. జనవరిలో బరంపురంలో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్దామనుకుంటున్నారు. తమ్ముడి అత్తామామలు కూడా వస్తామంటున్నారు, వాళ్లు హిందువులు. ఒక్కరోజు టూర్ బస్సు సరిపోతుందా, అక్కడ ఉంచిన శౌరివారి శరీరాన్ని చూడనిస్తారా, గుడిలో అసలు ఏం చూడాలి, అత్తామామలను లోపలికి రానిస్తారా అని ఆయన ప్రశ్నలు.

నేను బరంపురంలో ముప్పై ఏళ్లు డ్రాయింగ్ టీచర్‌గా పనిచేశాను. మా విచారణ (అంటే మా ఊరి చర్చి సంఘం) వాళ్లతో కలిసి, ఇంటివాళ్లతో కలిసి ఇప్పటికి ఆరుసార్లు ఆ గుడికి వెళ్లాను. అందుకని కాస్త పొడుగ్గానే చెబుతాను, ఓపిగ్గా చదవండి.

ముందు సూటిగా జవాబులు. టూర్ బస్సు వద్దు. గుడి లోపలికి ఎవరైనా రావచ్చు, టికెట్ లేదు, మతం అడగరు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకుంటే చాలు. శరీరాన్ని దగ్గరగా చూడటం మాత్రం ఈసారి కుదరదు. పదేళ్లకోసారి జరిగే ప్రదర్శన అప్పుడే శరీరం ఉన్న వెండి పేటికను కిందికి దించి, ఎదురుగా ఉన్న సే కతీడ్రల్‌లో పెడతారు. మొన్నటిది 2024 నవంబరు 21 నుంచి 2025 జనవరి 5 వరకు జరిగింది. ఆ లెక్కన మళ్లీ 2034లో. మిగతా రోజుల్లో పేటిక ఎత్తయిన సమాధి మీద ఉంటుంది, కింద నిలబడి చూడాలి. ఈ సంగతి అమ్మగారికి బయల్దేరే ముందే చెప్పండి. అంత దూరం వచ్చి "ఇంతేనా" అని ముఖం చిన్నబుచ్చుకున్న పెద్దవాళ్లను నేను చూశాను. ముందే తెలిస్తే ఆ బాధ ఉండదు.

నా మొదటి ప్రయాణం 2004 ప్రదర్శనకు. గంటలకొద్దీ క్యూలో నిలబడ్డాం. పేటిక దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి జనం తోస్తున్నారు, వాలంటీర్లు "నడవండి, నడవండి" అంటున్నారు. నాకు దొరికింది నాలుగైదు సెకన్లు. కళ్లనిండా నీళ్లు, ఏమీ కనపడలేదు. రెండోసారి ఒక టూర్ బస్సులో వెళ్లాం. పొద్దున్నుంచి బీచ్‌లు, కోట, షాపింగ్ తిప్పి, మధ్యాహ్నం మూడింటికి పాత గోవాలో దించి "ఇరవై ఐదు నిమిషాలు" అన్నారు. మాతో వచ్చిన ఒక పెద్దావిడ బాత్రూం వెతుక్కునేసరికే పది నిమిషాలు పోయాయి. ఆమె గుడి లోపలికి రానేలేదు. రోజుకు పైగా రైల్లో కూర్చుని వచ్చిన మనిషి! ఆ రోజు నుంచి ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే. గోవాలో ఇంకేదైనా వదిలేయండి, శౌరివారున్న ఈ గుడికి, అంటే బామ్ జీసస్ బసిలికాకు మాత్రం ఒక పూట మొత్తం ఇవ్వండి. మొక్కు తీర్చుకోవడానికి పది నిమిషాలు చాలు. కానీ అక్కడ మనుషుల చేతులు చేసిన పని ఉంది, దాన్ని చూడ్డానికి పూట పడుతుంది. రెండూ కలిస్తేనే యాత్ర అని నా నమ్మకం.

ఆ పనిని నాకు చూపించింది మా వీధి కంసాలి మావయ్య. ఆయన క్రైస్తవుడు కాదు. మూడోసారి మేం వెళ్తున్నప్పుడు "ఆ వెండి పెట్టె చూడాలని ఉందమ్మా" అంటూ తనూ వచ్చాడు. గుడిలో మేమంతా మోకరిల్లి ప్రార్థన చేసుకుంటుంటే ఆయన సమాధి ముందు ఒక పక్కన నిలబడి, జేబులోంచి మనవడి బొమ్మ దుర్భిణీ తీసి పైకి చూస్తున్నాడు. అరగంట కదల్లేదు. తర్వాత నన్ను పిలిచి, దుర్భిణీ నా చేతికిచ్చి, "ఆ మడతలు చూడు, అంగీ మడతలు. రేకును లక్క దిమ్మ మీద పరిచి, వెనక నుంచి కొట్టి ఉబ్బించి, మళ్లీ తిప్పి ముందు నుంచి సన్న ఉలితో తీర్చాలి. ఒక్క దెబ్బ ఎక్కువ పడితే రేకు చిరుగుతుంది. ఇది మన చేతి పనే" అన్నాడు. నేను అప్పటికి రెండుసార్లు వెళ్లాను, పిల్లలకు బొమ్మలు నేర్పేదాన్ని, అయినా ఆ పెట్టె మీద బొమ్మలున్నాయని కూడా గమనించలేదు. పెట్టె లోపల ఎవరున్నారనే ధ్యాసే తప్ప పెట్టెను చూడలేదు.

ఆయన చెప్పింది నిజమే. ఆ వెండి పేటికను 1636-37లో గోవా కంసాలులే చేశారు. చేయించింది మార్సెల్లో మాస్త్రిల్లి అనే ఇటలీ గురువు, జెస్విట్ అనే కతోలిక సన్యాస సభకు చెందినవారు. నేపుల్స్‌లో తాను చావు దాకా వెళ్లినప్పుడు శౌరివారి ప్రార్థన వల్లే బతికానని ఆయన నమ్మకం. ఆ కృతజ్ఞతతో ఈ పేటికకు పూనుకున్నారు. తర్వాత జపాన్ వెళ్లి 1637లోనే అక్కడ వేదసాక్షిగా, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చి, చనిపోయారు. పేటిక మీద 32 వెండి పలకలున్నాయి, వాటి మీద పునీతుడి జీవితం. ఒకప్పుడు దాని నిండా రత్నాలు పొదిగి ఉండేవట. ఆలోచన ఇటలీ గురువుది, చెయ్యి గోవా కంసాలిది. ఆ కంసాలుల పేర్లు మాత్రం ఎవరికీ గుర్తు లేవు.

పేటిక కింద ఉన్న సమాధి ఇంకో దేశం పని. ఇటలీలోని టస్కనీ ప్రాంతాన్ని ఏలిన మూడో కోసిమో దె మెదిచి ప్రభువు దాన్ని కానుకగా పంపారు. అంతకుముందు గోవా జెస్విట్‌లు ఆయనకు పునీతుడి తల కింద ఉంచిన దిండును పంపారు, దానికి బదులుగా ఇది. ఫ్లోరెన్స్ శిల్పి జొవాన్నీ బాతిస్తా ఫొజ్జీనీ పదేళ్లు పనిచేశారు. ముక్కలు ముక్కలుగా ఓడలో తెచ్చి 1698లో ఇక్కడ కూర్చారు, కూర్చడానికి ఫ్లోరెన్స్ నుంచే ప్లాసిదో రంపోనీ అనే పనివాడు వచ్చాడు. రంగురంగుల చలువరాళ్ల అంతస్తులు, వాటి మధ్య నాలుగు వైపులా నాలుగు కంచు పలకలు. ఒకదానిలో పునీతుడు జనానికి బోధిస్తుంటారు, ఒకదానిలో చైనా తీరాన చివరి శ్వాస విడుస్తుంటారు. కంచు నల్లబడి ఉంటుంది కాబట్టి మొదట ఏమీ తెలియదు. కళ్లు ఆ వెలుతురుకు అలవాటు పడాలి. రెండు నిమిషాలు అలాగే చూస్తూ ఉండండి, ఒక్కో మనిషీ లోపల్నుంచి లేచి వచ్చినట్టు కనిపిస్తాడు.

దుర్భిణీ తప్పకుండా తీసుకెళ్లండి అని చెప్పడానికే ఇదంతా. ఫోన్ జూమ్‌తో పని జరగదు, ఆ చీకట్లో బొమ్మ చెదిరిపోతుంది. పైగా ఫోటోల విషయంలో అక్కడ బోర్డు మీద ఏం రాసి ఉంటే అది పాటించండి. అమ్మగారి కంటికి దుర్భిణీ పెట్టి, మీరు వెనక నుంచి పట్టుకోండి.

ఇక ఆ పునీతుడి కథ. మన తెలుగు కతోలికుల ఇళ్లలో శౌరి, శౌరయ్య, శౌరమ్మ అనే పేర్లన్నీ ఈయనవే. అత్తామామలకు ఆయనెవరో తెలియకపోవచ్చు, రైల్లో చెప్పండి. 1506లో స్పెయిన్ ఉత్తరాన నవర్ర ప్రాంతంలో ఒక కోటలో పుట్టారు. పారిస్‌లో చదువుకుంటున్నప్పుడు ఇగ్నేషియస్ లొయోలా స్నేహం దొరికింది, ఆ స్నేహితుల జట్టే తర్వాత జెస్విట్ సభ అయింది. 1542 మే 6న గోవాలో దిగారు. కానీ ఎక్కువ కాలం గోవాలో ఉండలేదు. ఆ ఏడాదే తమిళ దేశపు ముత్యాల తీరానికి వెళ్లిపోయారు. అక్కడి పరవలు అనే జాలరులు సముద్రాన్ని నమ్ముకుని బతికేవాళ్లు. వాళ్ల ఊళ్లలో చేతిలో గంట పట్టుకుని వీధివీధీ తిరుగుతూ పిల్లలను పోగుచేసేవారు. భాష రాదు. తెలిసినవాళ్లను కూర్చోబెట్టుకుని ప్రార్థనలను తమిళంలోకి మార్పించి, కంఠతా పట్టి, పిల్లలకు నేర్పేవారు. గోపాలపూర్‌లో వలల మధ్య పెరిగిన మీ అమ్మగారికి ఈ సంగతి చెప్పండి. గుడిలో అడుగుపెట్టే ముందు ఆ గంట మోత ఆమె మనసులో ఉంటే, పైనున్న వెండి పెట్టె వేరేగా కనిపిస్తుంది.

అక్కడి నుంచి మలక్కా, ఇండోనేసియా దీవులు, 1549లో జపాన్. చివరికి చైనాలోకి వెళ్లాలని, తీరానికి ఎదురుగా ఉన్న సాన్సియన్ దీవిలో ఓడ కోసం ఎదురుచూస్తూ, జ్వరంతో 1552 డిసెంబరు 3న చనిపోయారు. వయసు నలభై ఆరు. మాంసం త్వరగా కరిగిపోయి ఎముకలను తీసుకెళ్లడం తేలికవుతుందని శవపేటికలో సున్నం పోసి పూడ్చారట. కొన్ని నెలలకు తీసి చూస్తే శరీరం చెడలేదట. మలక్కాకు, అక్కడి నుంచి 1554 మార్చిలో గోవాకు తెచ్చారు. 1622లో పునీతుడిగా ప్రకటించారు, రెండేళ్ల తర్వాత శరీరం ఈ బామ్ జీసస్ గుడికి వచ్చింది. కుడి చేతిలో కొంత భాగం 1614లోనే రోముకు వెళ్లింది, అది అక్కడ జెసూ గుడిలో ఉంది. ఇప్పుడు పేటికలో ఉన్నవి ఎండిపోయిన అవశేషాలు. "ఇంకా నిద్రపోతున్నట్టే ఉంటారు" అని ఎవరైనా చెబితే అమ్మగారిని ఆ ఊహతో తీసుకెళ్లకండి.

మీ మామగారు చరిత్ర చదివేవారైతే గోవా ఇంక్విజిషన్ గురించి అడుగుతారు. దాచకండి. మతం పేరుతో మనుషులను విచారించి శిక్షించిన ఆ కోర్టు గోవాలో 1560లో మొదలైంది, 1812లో పూర్తిగా ఆగింది. శౌరివారు పోయిన ఎనిమిదేళ్లకు అది వచ్చింది, కానీ అలాంటిది కావాలని పోర్చుగల్ రాజుకు 1546లో ఆయన ఉత్తరం రాసిన మాట నిజం. నాకు ఆ సంగతి తెలిసిన రోజు చాలా బాధ కలిగింది, మా విచారణ గురువుగారిని అడిగాను కూడా. ఆయన తప్పించుకోకుండా "అవునమ్మా, అది మన చరిత్రలో ఉంది, దానికి తలవంచాలి" అన్నారు. వీధుల్లో గంట మోగించిన చెయ్యీ, ఆ ఉత్తరం రాసిన చెయ్యీ ఒకటే. నేను ఆ గుడిలో మోకరిల్లేటప్పుడు రెండూ గుర్తుంటాయి.

గుడి విషయానికి వద్దాం. బయట నిలబడగానే మీకు మొదట అనిపించేది, ఇదేమిటి సున్నం కూడా వేయలేదు అని. పాత గోవాలో మిగతా గుళ్లన్నీ తెల్లగా ఉంటాయి, ఇదొక్కటే ఎర్రటి చిల్లుల రాయి. మన వైపు ఒడియా వాళ్లు మాంకడా పథర అంటారే, అదే జాతి. ఈ రాయి మీద కూడా ఒకప్పుడు పూత ఉండేది. 1950లలో దాన్ని తీసేశారు. అప్పటి నుంచి గోవా వానలు నేరుగా రాతిని తింటున్నాయి. ముఖభాగంలో సన్నటి చెక్కడం ఉన్నచోట మాత్రం ఎర్ర రాయి కాదు, నల్లరాయి వాడారు, దాన్ని వసై వైపు నుంచి తెచ్చారు. ఎర్ర రాతిలో సన్న పని నిలవదు కదా. పైన, అన్నిటికన్నా ఎత్తులో, యేసు నామానికి గుర్తయిన మూడక్షరాల పలక ఉంటుంది, జెస్విట్‌ల ముద్ర అది. కట్టడం 1594లో మొదలై 1605లో ప్రతిష్ఠ జరిగింది. 1946లో పన్నెండో భక్తినాథ పోపుగారు దీన్ని బసిలికాగా, అంటే ప్రత్యేక గౌరవమున్న గుడిగా, చేశారు. 1986 నుంచి పాత గోవాలోని ముఖ్యమైన గుళ్లు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్నాయి.

లోపలికి వెళ్లగానే తల ఎత్తి పీఠం వైపు చూస్తే బంగారు పూత కళ్లను కొట్టేస్తుంది. మధ్యలో నిలువెత్తును మించిన పెద్ద విగ్రహం, ఇగ్నేషియస్ లొయోలా. ఆయన చూపు పైకి, కిరణాలు విరజిమ్మే సూర్యుడి లాంటి చక్రం వైపు ఉంటుంది. ఆ చక్రంలో మళ్లీ అదే యేసు నామం. దానికి పైన త్రిత్వం, అంటే తండ్రి, కుమారుడు, పవిత్రాత్మ. బామ్ జీసస్ అంటే మాటకు మాట 'మంచి యేసు', కానీ ఈ గుడి బాల యేసుది కదా, మరి ఆయనేడీ? మీ నాలుగేళ్ల బాబును వెతకమనండి. పెద్ద విగ్రహం కింద చిన్నగా ఉంటాడు. మా బృందంలో పిల్లలందరికీ నేను ఈ ఆటే పెడతాను, పెద్దవాళ్లకంటే ముందు వాళ్లే పట్టేస్తారు. ఒకసారి దొరికాక పిల్లలు మళ్లీ మళ్లీ ఆ బొమ్మ దగ్గరికే వెళ్తారు.

నడిమి భాగంలో ఒక గోడకు చెక్కతో చెక్కిన ప్రసంగ వేదిక ఉంటుంది. దాని చుట్టూ యేసు, నలుగురు సువార్తికులు, సభకు బోధించిన పండితుల బొమ్మలు. దాని అడుగు భాగం చూడండి, మనుషుల ఆకారాలు ఆ వేదికను మోస్తున్నట్టు ఉంటాయి. మన గుళ్లలో స్తంభాల కింద, రథాల కింద బరువు మోసే బొమ్మలు ఉంటాయి కదా, అవి గుర్తొస్తాయి. ఎదుటి గోడకు దోం జెరోనిమో మస్కరేన్యస్ స్మారకం. కొచ్చిన్ కోటకు అధిపతిగా చేసి 1593లో చనిపోతూ ఆయన ఇచ్చిన ఆస్తితోనే ఈ గుడి లేచింది. దాని దగ్గర ఎవరూ ఆగరు. నేనైతే కాసేపు ఆగుతాను.

పీఠానికి కుడిపక్కనున్న చిన్న గదిలాంటి భాగమే శౌరివారి సమాధి. గుంపులు పది దాటాక మొదలవుతాయి, ఒక్కో గైడు ఒక్కో భాషలో చెబుతుంటే ప్రార్థన సాగదు. అందుకే పొద్దున పూజకు వెళ్లండి. మామూలు రోజుల్లో తెల్లవారి పూజలు కొంకణిలో ఉంటాయి. భాష రాకపోయినా పూజ మనదే కదా, ఎక్కడ నిలబడాలో ఎక్కడ మోకరిల్లాలో అమ్మగారికి తెలుసు. పూజ అయ్యాక జనం వెళ్లిపోతారు, టూరిస్టులు ఇంకా రారు. ఆ మధ్యలో దొరికే కొద్దిసేపే మీ మొక్కు సమయం. బాబును ఎత్తుకుని సమాధి ముందు నిలబెట్టండి. పూజ టైం ముందురోజు సాయంత్రం గుడి దగ్గర బోర్డు చూసి రాసుకోండి, పండుగ రోజుల్లో మారుతుంటాయి.

ఆదివారం వద్దు, పొద్దున వరుసగా పూజలుంటాయి, చూడటానికి వచ్చినవాళ్లను ఆలస్యంగా వదులుతారు. డిసెంబరు 3 పండుగ, దానికి ముందు నవంబరు 24 నుంచి నవదిన ప్రార్థనలు. అప్పుడు కర్ణాటక నుంచి, మహారాష్ట్ర నుంచి కాలినడకన వస్తారు. ఆ భక్తి చూడాలంటే అప్పుడు రావాలి, కానీ మోకాళ్ల నొప్పులున్న అమ్మగారితో వద్దు. మీరు అనుకున్న జనవరిలో మామూలు పనిదినమే మంచిది. క్రిస్మస్, కొత్త సంవత్సరం రద్దీ తగ్గనిచ్చి రెండో వారం తర్వాత బయల్దేరండి.

గుడి బయట కొవ్వొత్తులు, పూలు, మైనంతో చేసిన కాళ్లు, చేతులు అమ్ముతారు. గుణదలలో, వేళాంకణిలో కూడా ఇలాంటి మొక్కుబడులు చూసే ఉంటారు. అమ్మగారు మైనపు మోకాలు కొనాలంటే కొననివ్వండి. కానీ "ఇది లేకుండా లోపలికి వెళ్లకూడదు" అని ఎవరైనా చేతిలో కుక్కితే నమ్మొద్దు. గుడికి ఏమీ కొనుక్కుని వెళ్లనక్కర్లేదు. లోపల కొవ్వొత్తి వెలిగించకండి, దానికి వేరే చోటు చూపిస్తారు.

మోకాళ్ల సంగతికొస్తే, బామ్ జీసస్‌లో పెద్దగా మెట్లెక్కే పని లేదు. పైన ఒక ఆర్ట్ గ్యాలరీ ఉంది, దానికి మెట్లున్నాయి, అమ్మగారు బెంచీ మీద కూర్చుంటే మీరు వెళ్లి రావచ్చు. రోడ్డు దాటితే సే కతీడ్రల్. 1562లో మొదలుపెట్టి 1619 దాకా కట్టారు, పునీత కేథరీన్ పేరు మీద. ఆమె పండుగ రోజునే, 1510 నవంబరు 25న, పోర్చుగీసు సేనాని అల్బుకెర్క్ గోవాను గెలిచాడు. ముందు రెండు గోపురాలుండేవి, ఒకటి 1776లో కూలిపోయింది, మళ్లీ కట్టలేదు. మిగిలిన గోపురంలో బంగారు గంట అని పిలిచే పెద్ద గంట ఉంది. దాని పక్కనే అస్సీసి ఫ్రాన్సిస్ గుడి, మ్యూజియం. ఈ మూడూ చూస్తే ఆ పూటకు చాలు. కొండ మీది గుడి, పునీత అగస్టీన్ గోపురం శిథిలాలు, కాజెటన్ గుడి కూడా ఉన్నాయి. ఓపిక ఉంటే మీరు, మామగారు అగస్టీన్ గోపురం దాకా నడిచి వెళ్లండి. 46 మీటర్ల గోపురంలో సగమే నిలబడి ఉంది, ఆ ఎర్ర రాయి ఆకాశంలోకి విరిగి ఆగిపోయినట్టు ఉంటుంది. అక్కడి తవ్వకాల్లోనే జార్జియా రాణి కెటెవాన్ అవశేషాలు దొరికాయి, 2021లో భారత ప్రభుత్వం వాటిని ఆ దేశానికి అప్పగించింది.

ప్రయాణం గురించి. అమరావతి ఎక్స్‌ప్రెస్ రోజూ ఉండదు, ఏయే రోజులో చూసుకుని రెండు నెలల ముందే బుక్ చేయండి, అమ్మగారికి కింది బెర్తు పడేట్టు సీనియర్ సిటిజన్ కోటాలో. విశాఖ, విజయవాడ, గుంటూరు, గుంతకల్, హుబ్బళ్లి మీదుగా వెళ్తుంది కాబట్టి దారి పొడుగునా తెలుగే వినిపిస్తుంది, అన్నం, పెరుగు దొరుకుతాయి. కాజిల్ రాక్ దాటాక ఘాట్ మొదలవుతుంది, సొరంగాల మధ్య దూధ్‌సాగర్ జలపాతం కనిపిస్తుంది. జనవరిలో నీళ్లు తక్కువే అయినా బాబును నిద్ర లేపండి. వాస్కో దాకా వెళ్లకుండా మడగావ్‌లో దిగండి. అక్కడి నుంచి పణజి ముప్పై కిలోమీటర్ల పైన. పణజిలో గది తీసుకోండి, పాత గోవా అక్కడికి పది కిలోమీటర్లే. కదంబ బస్టాండు నుంచి బస్సులు వస్తూనే ఉంటాయి. కానీ తెల్లవారి పూజకు ముందురోజే టాక్సీ మాట్లాడి పెట్టుకోండి, ఆ వేళకు బస్సు కోసం టెన్షన్ పడొద్దు. రిబందర్ వైపు వెళ్లే దారిలో మూడు కిలోమీటర్లు నీళ్ల మధ్యే పోతుంది, 1630లలో కట్టిన రాతి కట్ట అది. పొద్దున్నే అక్కడ మంచు ఉంటుంది, అమ్మగారికి శాలువా పెట్టండి.

అత్తామామలకు ఒక్క మాట చెప్పి తీసుకెళ్లండి, పూజలో దివ్యసత్ప్రసాదం (పవిత్రం చేసిన అప్పం) ఇచ్చేటప్పుడు వాళ్లు వరుసలోకి రాకుండా తమ చోటే కూర్చుంటే సరిపోతుందని. మిగతా అంతా మనతోనే. మా కంసాలి మావయ్య కూడా అలాగే కూర్చున్నాడు. ఆయన పోయి నాలుగేళ్లయింది. పోయే ముందు ఆ దుర్భిణీ నాకే ఇచ్చాడు. బొమ్మ దుర్భిణీయే, ఒక కన్ను కాస్త మసక, కానీ పలకల మీది మడతలు చక్కగా కనిపిస్తాయి. బరంపురంలో రైలెక్కే ముందు ఆగగలిగితే చెప్పండి, స్టేషన్‌కు తెచ్చి ఇస్తాను. తిరిగి వచ్చేటప్పుడు ఇచ్చేయండి.